గేటు దగ్గర లోగో పట్టుకుని వచ్చారు, ఇప్పుడేం చేయాలి?

ఈసారి వచ్చిన మెయిళ్లలో సగం ఒకటే గొడవ. స్కూలుకి మీడియా రావడం, పిల్లల మొహాలు టీవీలో పడటం, ఆ తర్వాత ఇంట్లో రభస. ఈ సబ్జెక్టులో నేను మరీ బయటోణ్ణి కాదు, ఇరవై రెండేళ్లు జిల్లా ఎడిషన్ డెస్కులో పనిచేశాను, మా ఆవిడ ఇప్పటికీ మండల పరిషత్ స్కూల్లో ఎస్జీటీ (చిన్న క్లాసుల టీచరు), అంటే గేటుకి అటు మనిషీ ఇటు మనిషీ ఒకే ఇంట్లో ఉన్నాం అన్నమాట. భోజనాల దగ్గర దీని మీద చాలాసార్లు కొట్లాడుకున్నాం కూడా. పేర్లు, ఊళ్లు తీసేసి వేయమని అడిగారు చాలామంది, అలాగే వేస్తున్నాను, ఒక్కో మెయిలు కింద నా జవాబు.

సార్, నేను జడ్పీ హైస్కూల్ హెచ్ఎంని, ప్రకాశం జిల్లా. పోయిన నెల మధ్యాహ్నం పన్నెండున్నరకి పిల్లలు పళ్లేలు పట్టుకుని లైన్లో ఉండగా ఇద్దరు వచ్చారు. ఒకాయన చేతిలో ఏదో యూట్యూబ్ ఛానల్ లోగో, రెండో ఆయన ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసుకునే లోపలికి వచ్చేశాడు. నేను బయటికొచ్చేసరికే ఆరో క్లాసు పిల్లాడి మూతి దగ్గర మైకు పెట్టి "సాంబారు నీళ్లలా ఉందా, భయపడకుండా చెప్పు" అంటున్నారు. ఆపితే "అక్రిడిటేషన్ ఉంది, మమ్మల్ని ఆపే హక్కు మీకు లేదు" అన్నారు. ఆపకపోతే పేరెంట్స్ తిడతారు, ఆపితే "మీడియాని అడ్డుకున్న హెచ్ఎం" అని స్క్రోలింగ్. ఎట్లా చావాలి?

ముందు ఆ కార్డు సంగతి తేల్చేద్దాం. అక్రిడిటేషన్ అనేది సమాచార పౌర సంబంధాల శాఖ ఇచ్చే గుర్తింపు, బస్ పాస్ లాంటి కొన్ని సౌకర్యాలు వస్తాయి, ఈయన విలేకరే అని తెలుస్తుంది, అంతవరకే. అది ఏ గేటుకీ తాళంచెవి కాదు. స్కూలు జనం డబ్బుతో నడిచేదే, అయినా బస్టాండు లాంటి చోటు కాదు కదా, తొమ్మిదింటికి తల్లి పిల్లాణ్ణి వదిలి వెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఆ పిల్లాడి పూచీ మీది. ఎవరు లోపలికి రావాలి, ఎక్కడిదాకా రావాలి అని చెప్పే అధికారం మీకుంది, నిజానికి అది మీ డ్యూటీ.

అలాగని గేటు వేసేసి లోపల కూర్చోకండి. గేటు వేస్తే వాళ్ల వార్త అక్కడే తయారైపోతుంది, సాంబారు గురించి ఎవరూ మాట్లాడరు ఇంక. మీరే ఎదురెళ్లి ఆఫీసు రూములో కూర్చోబెట్టండి, విజిటర్స్ రిజిస్టర్లో పేరు, సంస్థ, ఫోన్ నంబరు రాయించండి, ఏం చూడాలనుకుంటున్నారో అడగండి. మధ్యాహ్న భోజనం అంటే వంటషెడ్డుకి మీరే తీసుకెళ్లండి, గిన్నె మూత తీయించండి, బియ్యం బస్తా చూపించండి, వండాక టీచరు రుచి చూసి సంతకం పెట్టిన రిజిస్టర్ చూపించండి, గుడ్ల స్టాకు చూపించండి (ఆంధ్రాలో వారానికి ఐదు, తెలంగాణలో మూడు, ఇది పల్లెటూళ్లో చిన్న పిల్లాడికి కూడా తెలుసు కాబట్టి లెక్క తేడా ఉంటే దాచినా దాగదు). షరతు ఒక్కటే పెట్టండి, పళ్లేన్ని ఫోటో తీసుకోండి, మొహం వద్దు. పై నుంచి తీస్తే అన్నం, కూర, పట్టుకున్న చేతులు పడతాయి, వార్తకి అది చాలు.

ఆ పిల్లాడి గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. వాడు "నీళ్లలా ఉంది" అన్నాడే అనుకుందాం. రేపు మళ్లీ అదే లైన్లో, అదే వంటమ్మ దగ్గర, అదే పళ్లెం పట్టుకుని నిలబడాల్సింది వాడే, మైకు పట్టుకున్నాయన కాదు. ఆ వంటమ్మ వాడికి పెద్దమ్మ వరసో పక్కింటి అక్కో అయి ఉంటుంది, మన ఊళ్లల్లో అంతే కదా. అలాగే మీరు కూడా తెలివిగా ఫస్ట్ బెంచీ పిల్లల్ని ఇద్దర్ని ఏరి తెచ్చి "చాలా బాగుంది సార్" అనిపించకండి, మా ఆవిడ స్కూల్లో ఒక పాత హెచ్ఎం గారు అదే చేసేవారట, అదీ పిల్లల్ని వాడుకోవడమే.

ఇంకోటి, ఇదంతా వాళ్లొచ్చిన రోజు చేసే పని కాదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఆ చట్టం ఎనిమిదో క్లాసు దాకే అనుకోండి, కానీ మీ హైస్కూల్లోనూ కమిటీ ఉంటుంది కదా. కమిటీ మీటింగులో ఒక తీర్మానం రాయించుకోండి, "మీడియా వాళ్లు ఆఫీసుకి రావాలి, పిల్లల మొహాలు, పేర్లు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా తీయకూడదు" అని నాలుగు లైన్లు, కాపీ ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ఇచ్చి ఇంకో కాపీ గేటు పక్క గోడకి అంటించండి. అప్పుడు ఆపింది హెచ్ఎం కాదు, ఊరి తల్లులు. వాళ్ల మీద స్క్రోలింగ్ వేసే ధైర్యం ఏ ఛానలుకీ ఉండదు.

మీ బైట్ గురించి, అంటే కెమెరా ముందు మీరు చెప్పే మాట గురించి కూడా చెప్తాను. ఇవాళ మెనూ ఇది, హాజరు ఇంతమంది, అంతవరకు చెప్పండి. బిల్లులు ఎందుకు రావట్లేదు, ప్రభుత్వం ఏం చేస్తోంది లాంటి వాటిలోకి దిగితే 1964 నాటి ఉద్యోగుల కాండక్ట్ రూల్స్ తీసి మెమో ఇస్తారు, దానికి ఎంఈఓనో డీఈఓనో (జిల్లా విద్యాధికారినో) చూపించేయండి.

నేను తల్లిని, కరీంనగర్ వైపు. మా పాప హాస్టల్లో చదువుతుంది, ఎనిమిదో తరగతి. తిండి పడక నలభై మందిని ఆసుపత్రికి తీసుకొచ్చారు, అందులో మా పాప కూడా. సెలైన్ ఎక్కుతుండగా, వాంతి చేసుకుంటుండగా తీసి టీవీలో వేసిన్రు, పేరు కూడా అడిగి చెప్పించిన్రు. మేం ఆసుపత్రికి పోకముందే చుట్టాలందరికీ తెలిసిపోయింది. పాప ఇప్పుడు మంచిగనే ఉంది గాని ఆ వీడియో యూట్యూబ్‌లో ఇంకా ఉంది, తోటి పిల్లలు ఫోన్లల్ల చూపించి నవ్వుతున్నరు. తీయించొచ్చా?

తీయించొచ్చమ్మా. కాస్త తిరగాలి, కానీ అయ్యే పనే.

మొదట ఆ ఛానలుకే రాతపూర్వకంగా పంపండి, మెయిల్ చేసినా సరే, ఫలానా తేదీ, ఫలానా వీడియో, ఫలానా నిమిషం దగ్గర మా మైనర్ కూతురి మొహం, పేరు ఉన్నాయి, మేం ఒప్పుకోలేదు, తీసేయండి అని. ఫోన్ చేస్తే "చూస్తాం మేడం" అంటారు, అక్కడితో ఆగిపోతుంది, అందుకే రాత. అదే రోజు యూట్యూబ్‌లో ప్రైవసీ కంప్లైంట్ ఫారం ఉంటుంది, అది కూడా నింపండి, పిల్ల తరఫున తల్లి పెట్టొచ్చు, వీడియో పెట్టినవాళ్లకి 48 గంటలు టైమిచ్చి, తీయకపోతే యూట్యూబ్ వాళ్లే చూసి నిర్ణయం తీసుకుంటారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి వాటిలో ఉంటే 2021 ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి పెద్ద ప్లాట్‌ఫామ్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, ఏడు రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి సవరణకి ముందు 15 రోజులుండేది). స్క్రీన్‌షాట్లు, లింకులు ముందే దాచుకోండి, తీసేశాక సాక్ష్యం కూడా పోతుంది.

ఛానలు ఉలుకూ పలుకూ లేకపోతే, అది న్యూస్ బ్రాడ్‌కాస్టర్ల సంఘంలో మెంబర్ అయితే ఫిర్యాదులు విచారించే వాళ్ల సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏకి వెళ్లొచ్చు. దినపత్రిక అయితే ముందు ఎడిటర్‌కి రాసి, వార్త వచ్చిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కి పంపాలి. అన్నిటికన్నా దగ్గర్లో ఉన్నది జిల్లా బాలల సంరక్షణ అధికారి, లేదా 1098కి ఫోన్ చేయండి, చాలామంది అది పారిపోయిన పిల్లల కోసమే అనుకుంటారు, కాదు.

ఇక్కడ ఒక మాట, మీకు కోపం రావొచ్చు. ఆ కెమెరా వాళ్లు రాకపోయి ఉంటే మీ పాప హాస్టల్ వంట గురించి ఎవరికీ తెలిసేది కాదు. 2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూల్లో పిల్లలు మధ్యాహ్న భోజనం తిని ఆసుపత్రి పాలైతే ఆ విషయం హైకోర్టు దాకా పోయింది, రోజూ వార్తల్లో ఉండబట్టే అంత కదలిక వచ్చిందని నేననుకుంటా. వార్త కావాలి. నలభై మంచాలున్న వార్డుని తలుపు దగ్గర్నుంచి తీసినా, మంచం పట్టీ మీద ఉన్న చిన్న చెయ్యి, సెలైన్ పైపు తీసినా ఆ వార్త అంతే గట్టిగా ఉండేది. వాంతి చేసుకుంటున్న పన్నెండు పదమూడేళ్ల పిల్ల మొహం దేనికి? ఆసుపత్రి సూపరింటెండెంట్ని కూడా అడగండి, వార్డులోకి కెమెరా ఎవరు రానిచ్చారని.

నేను ఒక పేపర్‌కి మండల కంట్రిబ్యూటర్‌ని (వార్తకి ఇంత అని తీసుకునే విలేకరిని), ఒక లోకల్ ఛానల్‌కి కూడా విజువల్స్ పంపుతా. మీరంతా ప్రైవసీ ప్రైవసీ అంటారు గానీ సార్, వాస్తవం ఏంటంటే కుళ్లిన గుడ్డు పెట్టిన రోజే హెచ్ఎంలకి ప్రైవసీ గుర్తొస్తుంది. స్వీట్లు పంచిన రోజు, ఎమ్మెల్యే వచ్చిన రోజు వాళ్లే ఫోన్ చేసి రమ్మంటారు, పిల్లల్ని వరసగా నిలబెడతారు. అన్నీ బ్లర్ చేస్తే ఎవరు నమ్ముతారు? పైగా కేసులు మా మీదే.

తమ్ముడూ, నువ్వన్న మొదటి మాటకి నేను సంతకం పెడతా. ఎమ్మెల్యే పక్కన నవ్వుతూ నిలబడ్డ పిల్లాడికి లేని ప్రైవసీ, గుడ్డు పట్టుకున్న పిల్లాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది అని నేనూ మా ఆవిడని అడిగాను, ఆమె దగ్గర జవాబు లేదు.

కేసుల మాట కూడా నిజమే. 2019లో యూపీ మీర్జాపూర్ జిల్లాలో ఒక ప్రైమరీ స్కూల్లో పిల్లలకి రొట్టెలోకి ఉప్పు నంచుకు తినమని పెడుతుంటే వీడియో తీసిన విలేకరి మీదే కుట్ర కేసు పెట్టారు, ప్రెస్ కౌన్సిల్ తనంతట తాను జోక్యం చేసుకుంది, చివరికి పోలీసులు ఆయన పేరు తీసేయాల్సి వచ్చింది. అలాగే 2023లో ముజఫర్‌నగర్ దగ్గర ఒక టీచరు తోటి పిల్లల చేత ఒక పిల్లాణ్ణి చెంప మీద కొట్టించిన వీడియో గుర్తుందా, దేశమంతా చూశాం, ఆ వీడియో షేర్ చేసిన ఒక ఫ్యాక్ట్ చెకర్ మీద జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద కేసు పడింది, పిల్లాడి గుర్తింపు బయటపెట్టాడని. టీచర్ని వదిలేసి వీడియో చూపించినోణ్ణి పట్టుకుంటారా అని చాలామంది తిట్టారు, నేనూ తిట్టాను. కానీ నువ్వు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. మొహం బ్లర్ చేసి ఉంటే ఆ కేసు పెట్టడానికి వాళ్లకి సందు దొరికేది కాదు. అంటే బ్లర్ చేయడం పిల్లాడికే కాదు, నీకూ కాపుదల. ఆ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా ఫైను, లేదా రెండూ.

నమ్మకం గురించి అడిగావు. కుళ్లిన గుడ్డుని ఎవడైనా బ్లర్ చేస్తాడా? గుడ్డు క్లోజప్ తియ్యి, పురుగులున్న బియ్యం తియ్యి, తలుపు లేని టాయిలెట్ తియ్యి, ఎండిపోయిన ట్యాంకు తియ్యి, రిజిస్టర్లో ఎంతమంది, పళ్లెం పట్టుకుంది ఎంతమంది లెక్క తియ్యి, వంట చేసే ఏజెన్సీకి ఎన్ని నెలల బిల్లు ఆగిందో కనుక్కో. అది ఎవడూ కాదనలేని వార్త. పిల్లాడి బైట్ కన్నా కష్టం, ఒప్పుకుంటా, ఐటమ్‌కి ఇంత అని ఇచ్చే డబ్బుకి అంత కష్టం ఎందుకంటావు, అదీ ఒప్పుకుంటా.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. నేను డెస్కులో ఉన్నప్పుడు ఒక కంట్రిబ్యూటర్ ఫోటో పంపాడు. ఎండలో చేతిపంపు దగ్గర గొంతుక్కూర్చుని ఒక పిల్లాడు టీచర్ల టిఫిన్ క్యారేజీలు తోముతున్నాడు, పక్కన బూడిద, కొబ్బరి పీచు, చొక్కాకి రెండు గుండీలు లేవు. అద్భుతమైన ఫోటో. మూడు కాలమ్‌ల వెడల్పులో పెట్టాను, క్యాప్షన్లో పిల్లాడి పేరు, క్లాసు, నాన్న పేరు అన్నీ నేనే రాశాను, పూర్తి వివరాలుంటేనే నిజమని నమ్ముతారని. మర్నాడే టీచర్లకి మెమోలు, మాకు శభాష్‌లు. పది రోజుల తర్వాత ఒకాయన ఆఫీసుకొచ్చాడు, తువ్వాలు చేత్తో పట్టుకుని, ఆ పేపరు కటింగ్ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని. కొట్లాడటానికి రాలేదు. "మావోణ్ణి బళ్లో అందరూ గిన్నెలోడు అంటన్నారంట సార్, బడికి పోనంటన్నాడు, ఈ బొమ్మ వెనక్కి తీసుకోవచ్చా" అని అడిగాడు. అచ్చయిన పేపరు వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయనకి ఎట్లా చెప్పాలో తెలియక టీ తెప్పించాను. ఆ ఫోటోలో పిల్లాడి వీపు మాత్రమే ఉండి ఉంటే మెమోలు అవే వచ్చేవి.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. క్లాసులోకి వెళ్లి పిల్లాణ్ణి లేపి "పదమూడో ఎక్కం చెప్పు, ముఖ్యమంత్రి ఎవరు చెప్పు" అని అడిగి వాడు నీళ్లు నమిలితే దాన్ని "ఇదీ మన సర్కారు చదువు" అని వేస్తున్నారు చూడు, దయచేసి ఆ పని మాత్రం చేయకు. అందులో వార్త లేదు. మైకు పెడితే పెద్ద పెద్ద నాయకులే తడబడతారు.

మా ఊరి స్కూల్లో ఒక పాపతో టీచరు తప్పుగా ప్రవర్తించాడని గోల. నేను కమిటీ మెంబర్ని. హెచ్ఎం ఏమో "బయటికి రానియ్యొద్దు, పాప పరువు పోతుంది, మీడియా వస్తే ప్రైవసీ అని చెప్పి పంపించేద్దాం" అంటున్నారు. ఇంకోపక్క ఫోన్ల మీద ఫోన్లు. మేం ఏం చెప్పాలి?

ఇది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు నాకు. రెండు వేరే వేరే విషయాల్ని మీ హెచ్ఎం గారు ఒకే మూటలో కట్టేస్తున్నారు.

పోలీసులకి చెప్పకపోవడం ప్రైవసీ కాదు, నేరం. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష, సంస్థకి ఇన్‌ఛార్జిగా ఉన్న మనిషి తన కింద పనిచేసేవాడి నేరం దాస్తే ఏడాది దాకా. ఈ మెయిల్ మీరు నాకు రాసిన రోజే ఫిర్యాదు ఇచ్చేసి ఉంటారని ఆశిస్తున్నా, ఇవ్వకపోతే ఈ పేజీ మూసి ముందు ఆ పని చేయండి. హెచ్ఎం రాకపోతే మీరే వెళ్లండి, కమిటీ తీర్మానం లాంటివేం అక్కర్లేదు.

మీడియాకి చెప్పకూడనిది వేరు. అదే చట్టం సెక్షన్ 23 ప్రకారం పాప పేరు, అడ్రసు, ఫోటో, కుటుంబ వివరాలు, స్కూలు, చుట్టుపక్కల ప్రాంతం, ఏవీ వార్తల్లో రాకూడదు, రాస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా ఫైను, లేదా రెండూ, పైగా విలేకరితో పాటు పబ్లిషరు, ఓనరు కూడా బాధ్యులే. స్కూలు పేరు కూడా అని గమనించండి. మన పేపర్లు పాప పేరు రాయం అని గొప్పగా చెప్పుకుంటూనే "ఫలానా మండలం ఫలానా గ్రామం ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్న, ఆటో డ్రైవర్ కుమార్తె" అని రాస్తాయి. ఆ ఊళ్లో ఏడో తరగతిలో ఆడపిల్లలు పదకొండు మంది, ఆటో ఉన్న ఇల్లు ఒకటి. ఇంక పేరు రాయడానికేముంది?

ఫోన్లు ఎత్తేది ఒక్కరే ఉండాలి, మీరంతా మాట్లాడొద్దు, వాళ్లు కూడా ఒకటే చెప్పాలి, "ఫిర్యాదు చేశాం, పోలీసులు చూస్తున్నారు, పాప గురించి ఏమీ చెప్పం" అని. అవతలివాళ్లు మాటలు లాగుతారు, "ఇల్లు గుడి దగ్గరేనా, నాన్న ఏం చేస్తాడు" అని మామూలుగా అడిగినట్టే అడుగుతారు. నాకు తెలుసు, మేం కూడా అలాగే అడిగేవాళ్లం. తోటి పిల్లల్ని గేటు బయట పట్టుకుంటారు, అందుకే రెండు మూడు రోజులు బడి వదిలే టైముకి కమిటీ తల్లులు గేటు దగ్గర నిలబడండి. అన్నిటికన్నా ముందు ఊరి వాట్సాప్ గ్రూపులో పాప ఫోటో తిరుగుతోందేమో చూడండి, అది పెట్టినవాళ్లు మన ఊరివాళ్లే అయి ఉంటారు.

నేను ఎస్జీటీని. పిల్లలు పాడే పాటలు, చేసే యాక్టివిటీస్ రీల్స్ పెడుతుంటాను, నాకు మంచి పేరొచ్చింది, అడ్మిషన్లు కూడా పెరిగాయి. మొన్న ఒక పేరెంట్ అభ్యంతరం చెప్పారు. నేను మీడియా కాదు కదా?

ఎంతమంది ఫాలోవర్లు ఉన్నారమ్మా? మండల కంట్రిబ్యూటర్ రాసే వార్త చదివేవాళ్లకన్నా ఎక్కువే ఉంటారు. కాబట్టి మీరూ మీడియానే.

మీ మనసు మంచిదే, సర్కారు బడి అంటే చిన్నచూపు పోవడానికి మీలాంటి వాళ్ల రీల్స్ పనికొచ్చాయి, కాదనను. కానీ 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలు బాధ్యతలకి ఏడాదిన్నర గడువిచ్చారు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలన్నది అందులో ఉంది. గడువయ్యేదాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే తెలుగులో ఒక చిన్న కాగితం రాసి సంతకం తీసుకోండి, దేనికి, ఎక్కడ పెడతామో రాయండి, వద్దన్న పిల్లల్ని ఏడిపించకుండా పక్కన ఇంకో పని ఇవ్వండి. అడ్మిషన్ రోజు పది కాగితాల మధ్య పెట్టి వేలిముద్ర వేయించుకున్నది అంగీకారం కాదు. వెనకాల బోర్డు మీద స్కూలు పేరు, పిల్లల మెళ్లో ఐడీ కార్డు, రోజూ వెళ్లే దారి, ఇవి పడకుండా చూసుకోండి. చదవలేక తడబడే పిల్లాణ్ణి "చూడండి మూడు నెలల్లో ఎంత మారాడో" అని ముందూ వెనకా పెట్టే వీడియో మాత్రం అసలొద్దు, వాడికి పాతికేళ్లొచ్చాక కూడా ఆ ముందుది ఉంటుంది.

ఆ పేరెంట్ చెప్పిన వీడియో తీసేశారా? తీసేసి ఆయనకి ఫోన్ చేయండి.

అంకుల్, నేను టెన్త్. మంచి మార్కులొస్తే నా ఫోటో ఫ్లెక్సీలో, పేపర్లో వేస్తారట. మా నాన్న సరే అన్నారు. నాకిష్టం లేదు. వద్దు అనొచ్చా?

అనొచ్చు తల్లీ. మీ హెచ్ఎం గారికి నువ్వే చెప్పు, నాన్నకి ఈ పేజీ చూపించు. ముందు పరీక్షలు బాగా రాయి.